పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కదిలింది ఏ ధ్రువం?

ప్ర: ధ్రువాలు జరిగిపోతా ఉన్నాయని, అందుకే వానలు గతి తప్పాయని ఒక వీడియో మా వాట్సాప్ గ్రూపులో తిరగతా ఉంది. ఉత్తర ధ్రువం సైబీరియాకి పోతే మన నెల్లూరు మంచుదేశం అవుతుందంట. నిజమేనా? (ఒక రైతు, కావలి)

జ: ఆ వీడియో రెండు ధ్రువాలను ఒకే గాట కట్టేసింది. భూమి తిరిగే ఇరుసు కొన ఒకటి, దిక్సూచి ముల్లును లాగే అయస్కాంత ధ్రువం ఇంకొకటి. సైబీరియా వైపు పోతున్నది ఈ రెండోదే. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ దాన్ని కెనడా ఉత్తరపు కొసన గుర్తించాడు. పోయిన శతాబ్దంలో చాలాకాలం ఏడాదికి పది పదిహేను కిలోమీటర్లు నడిచింది. 1990ల తర్వాత వేగం 50 దాటి, ఈమధ్య 35 దగ్గరికి తగ్గింది. మన కాళ్ల కింద 2,900 కి.మీ. లోతున మొదలయ్యే కరిగిన ఇనుము కదలికలే దానికి కారణం. ఎండ ఎంత ఏటవాలుగా పడాలో తేల్చేది ఇరుసు. ముల్లుకు ఆ పనిలో పాత్ర లేదు.

ఇరుసు కొన కూడా కదులుతుంది, కానీ ఒక పెద్ద కళ్లమంత జాగా దాటదు. సుమారు 433 రోజులకొకసారి కొన్ని మీటర్ల చుట్టు తిరుగుతూ, ఏడాదికి పది సెంటీమీటర్ల లెక్కన పక్కకు జరుగుతుంటుంది. 1993 నుంచి 2010 వరకు ప్రపంచమంతా తోడేసిన భూగర్భజలం, సుమారు 2.15 లక్షల కోట్ల టన్నులు, ఆ కొనను 80 సెంటీమీటర్ల దాకా జరిపిందని 2023లో ఒక పరిశోధన లెక్కగట్టింది. ఎక్కువ ప్రభావం చూపిన చోట్లలో వాయవ్య భారతం ఒకటి. 80 సెంటీమీటర్లతో వాన మారదు. బోరు ఎండిపోవడమే అసలు బాధ.

ఇక మన వానలంటారా, నెల్లూరుకు ప్రధానం అక్టోబరు–డిసెంబరు ఈశాన్య రుతుపవనం. దాన్ని ఆడించేవి సముద్రాల వేడి, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు. 2015 నవంబరు వరదలప్పుడు పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఉంది, 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు అది చల్లబడే లానినా ఉంది. ఒక్క కారణం పట్టుకుని వానను తేల్చేయలేం.

ప్ర: భూమి పైపెంకు మొత్తం ఒక్కసారిగా జారిందనే సిద్ధాంతాన్ని ఐన్‌స్టీనే ఒప్పుకున్నాడంటారు. (ఒక డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు)

జ: ముందుమాట రాశాడు, అంతవరకు నిజం. 1958లో అచ్చయిన, అమెరికా అధ్యాపకుడు చార్లెస్ హాప్‌గుడ్ పుస్తకానికి. ధ్రువాల దగ్గర మంచు ఒక పక్క ఎక్కువగా పేరుకుంటే ఆ బరువుకు పైపెంకు జారుతుందని హాప్‌గుడ్ వాదన. తర్వాత రాతల్లో, సుమారు 12 వేల ఏళ్ల కిందటి దాకా ఉత్తర ధ్రువం కెనడాలోని హడ్సన్ అఖాతం దగ్గర ఉండేదన్నాడు.

రెండు చోట్ల ఇది బెడిసికొడుతుంది. మొదటిది ఉబ్బు. కేంద్రం నుంచి కొలిస్తే భూమి నడుము దగ్గర ధ్రువాలకన్నా 21 కి.మీ. ఎక్కువ. పెంకు జారాలంటే ఆ ఉబ్బు అంతటా కొత్తగా సర్దుకోవాలి, మంచు తోపు ఆ పనికి ఏ మూలకూ చాలదు. రెండోది, నాకు ఎక్కువ నచ్చేది: అంటార్కిటికాలో తవ్వి తీసిన మంచు స్తంభంలో పొరలు తెగకుండా 8 లక్షల ఏళ్ల చరిత్ర ఉంది. 12 వేల ఏళ్ల కిందట ఆ నేల వెచ్చని చోట ఉండుంటే ఆ మంచు మిగిలేది కాదు. ఒడిశా తాల్చేరు దగ్గర మంచునదులు వదిలిన బండలు చూపించి వాదిస్తారు కొందరు. అవి దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటివి, అప్పుడు మన నేలే దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉండేది. నడిచొచ్చింది ఖండం.

ప్ర: అయస్కాంత ధ్రువాలు తారుమారైతే ప్రళయమేనా? (సూళ్లూరుపేట)

జ: చివరిసారి పూర్తిగా తిరగబడి సుమారు 7.8 లక్షల ఏళ్లయింది. 41 వేల ఏళ్ల కిందట కొంతకాలం భూమి అయస్కాంత బలం బాగా తగ్గింది కూడా. అప్పటి గ్రీన్‌లాండ్ మంచులో కాస్మిక్ కిరణాల గుర్తు, బెరీలియం–10, పెరిగింది. దానికి తగ్గ పెద్ద వాతావరణ మార్పు మాత్రం కనబడదు. నష్టమంటూ ఉంటే ఉపగ్రహాలకు, కరెంటు గ్రిడ్లకు.

ప్ర: ఉత్తరాయణం డిసెంబరులోనే మొదలైతే సంక్రాంతి జనవరిలో ఎందుకు? (ఒక పురోహితుడు, అద్దంకి)

జ: ఇరుసు బొంగరంలా 26 వేల ఏళ్లకొక చుట్టు తూలుతుంది. దాంతో నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య సుమారు 72 ఏళ్లకొక రోజు ఎడం పడుతుంది. డిసెంబరు ఉత్తరాయణం రుతువుల లెక్క, జనవరి సంక్రాంతి నక్షత్రాల లెక్క. మీ పంచాంగంలో అయనాంశ, సుమారు 24 డిగ్రీలు, దాని కొలతే. ఇరుసుతో వాతావరణం మారడమనేది ఇక్కడ నిజంగా ఉంది. ఇప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో. 10–11 వేల ఏళ్ల కిందట అది మన ఎండాకాలం వైపు ఉండేది. రుతుపవనాలు బలంగా వీచాయి, సహారాలో చెరువులు, గడ్డి ఉండేవి. వాలు కూడా 41 వేల ఏళ్ల చక్రంలో 22.1, 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది.

ప్ర: ధ్రువం జరిగితే ఇంటి తూర్పు తప్పుతుందా? ముగ్గు పోయాలి. (ఒక మేస్త్రి, సింగరాయకొండ)

జ: తూర్పు తప్పదు, దిక్సూచి తప్పుతుంది. మన జిల్లాల్లో ముల్లుకూ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే. అరవై అడుగుల గోడకు ఒక డిగ్రీ అంటే ఒక అడుగు పక్కకు. ఇనుప చువ్వలు, మోటారు, ఫోను వెనక అయస్కాంతం కవరు ఉంటే ఇంకా పోతుంది. కొణిజేడు గుట్టల వైపు నేలలోనే మాగ్నటైట్ ఖనిజం ఉంది, అక్కడ ముల్లును నమ్మకండి.

శంకువు వేయండి, శంకుస్థాపనలో ఉన్న శంకువే. నేలను రసమట్టంతో చదును చేసి, నేలపైన రెండడుగులు నిలిచేలా నిటారుగా మేకు దించండి. నిటారో కాదో గుండు దారంతో రెండు పక్కలా చూడండి. మేకు మొదలు కేంద్రంగా రెండడుగుల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. పొద్దున నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం బయటికి పోయే చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే పడమర–తూర్పు గీత. డిసెంబరులో ఇవి సుమారు పదిన్నరకు, రెండు గంటలకు కాస్త ముందు పడతాయి. జూన్‌లో తొమ్మిదికి, మూడుంపావుకు. నీడ కొన మసకగా ఉంటుంది గనుక వేర్వేరు కొలతల్లో మూడు వృత్తాలు గీసి సరిచూడండి. మార్చి, సెప్టెంబరుల్లో సూర్యుడు రోజురోజుకూ వేగంగా జరుగుతాడు, గీత కాస్త వంకర పోతుంది.

రాత్రి ధ్రువ నక్షత్రంతోనూ సరిచూడొచ్చు, అది ఉన్న వైపే ఉత్తరం. మీరు చూసేది ఆ చుక్కేనా అని తేల్చుకోవడానికి దాని ఎత్తు కొలవండి. కోణమానిని నడిమి రంధ్రానికి గుండు దారం కట్టి, తిన్నటి అంచు వెంబడి చుక్కను చూసి, దారం చూపే అంకెను 90 నుంచి తీసేయండి. నెల్లూరులో 14న్నర, ఒంగోలులో 15న్నర డిగ్రీల దగ్గర రావాలి. చుక్క కూడా అసలు ధ్రువం చుట్టూ అర డిగ్రీ పైచిలుకు తిరుగుతుంది, గాలికి దారం ఊగుతుంది, కాబట్టి ఒక డిగ్రీ అటూఇటూ వస్తే కంగారు పడొద్దు. గోడ చాటున నిలబడి చూడండి.