రాసింది వెంటనే పోస్ట్ చేయాలనే ఆరాటం మాని కథ పూర్తి చేయడం ఎలా?

ఒక పేరా రాయగానే ఫేస్‌బుక్‌లో పెట్టేస్తున్నానని, ఆపైన లైకులు చూసుకుంటూ కూర్చోవడంతో కథ కదలడం లేదని అడిగారు. కొన్నేళ్లుగా కథలు రాస్తున్నాను కాబట్టి నాకు పనికొచ్చిన సంగతులు చెబుతాను.

మన పత్రికలకో, పోటీలకో కథ పంపేటప్పుడు హామీపత్రం జతచేస్తాం కదా: ఇది నా సొంతం, అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా ప్రచురణ కాలేదు అని. ఇప్పుడు చాలా పోటీల ప్రకటనల్లో బ్లాగుల్లో, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో కూడా వచ్చి ఉండకూడదని విడిగా రాస్తున్నారు. పోస్ట్ చేయాలని చెయ్యి దురద పెట్టినప్పుడల్లా నన్ను ఆపేది ఈ నిబంధనే.

పైగా సగం కథకు వచ్చే మెచ్చుకోలు మిగతా సగాన్ని పాడుచేస్తుంది. ఫలానా డైలాగ్ అందరికీ నచ్చిందంటే తర్వాతి సీన్‌లోనూ అలాంటిదే పడుతుంది. ఊరుకోవాల్సిన పాత్ర కూడా ఉపన్యాసం ఇస్తుంది. అసలు ఆ ‘సూపర్ సర్’లలో సగం మొహమాటమే. వాళ్ల కవితకు మనం, మన కథకు వాళ్లు... ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం!

కథ పూర్తయ్యాక నేను మా మేనత్తకు చదివి వినిపిస్తాను. ఆవిడకు సాహిత్యంతో పెద్దగా పరిచయం లేదు. ఒక కథలో, ఊరొదిలి వెళ్లే కొడుక్కి తల్లి పులిహోర కట్టి ఇస్తుంది. అంతా విని, “ఏరా, తెల్లారకుండానే బస్సెక్కాడన్నావు. మరి పులిహోర ఎప్పుడు కలిపింది? రాత్రంతా పడుకోలేదా ఆవిడ?” అంది. కొడుకు లేస్తాడని లైటు వేయకుండా, పొయ్యి వెలుతురులోనే తాలింపు పెడుతున్న తల్లి అప్పుడు కనిపించింది నాకు. ఆ సీన్ రాశాక మొదటి రెండు పేజీలూ కొట్టేయాల్సి వచ్చింది. మీకూ ఇలా అడిగే మనిషి ఒకరుంటే చాలు. పొగిడేవాళ్లు కాదు, అడిగేవాళ్లు.

రాసేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టండి. వీలైతే మొదటి డ్రాఫ్ట్ నోట్‌బుక్‌లో రాయండి. టైప్ చేయడానికి బద్ధకమేసి పోస్ట్ చేయరు, అదొక లాభం. తీరిగ్గా టైప్ చేసేటప్పుడు సగం మార్పులు వాటంతటవే జరుగుతాయి.

ఫేస్‌బుక్ మానేయమని అనడం లేదు. అచ్చయ్యాక లింకు పెట్టుకోండి, తప్పేముంది? ప్రతిలిపి యాప్‌లో సీరియల్ రాసేవాళ్ల సంగతి కాస్త వేరు, ఎపిసోడ్లుగా ఇవ్వడమే అక్కడి పద్ధతి. అక్కడైనా మొత్తం రాసి పెట్టుకుని విడతలుగా వదలొచ్చు.

పత్రిక నుంచి జవాబు రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి అసలు రాదు. అన్నాళ్లూ గంటకోసారి మెయిల్ తెరిచి చూడటం మళ్లీ లైకులు లెక్కపెట్టుకోవడమే. అందుకే పంపిన రోజే ఇంకో కథకు, పేరు కూడా ఆలోచించకుండా, మొదటి పేరా రాసేసుకుంటాను.