ఆఖరి ఆల్బమ్ వినబోయే మేనకోడలికి

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మలూ,

ఇంగ్లండ్ పాటల బృందం బీటిల్స్ ఆఖరి ఆల్బమ్ ఏది, ఎలా వినాలి అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ఆఖరున విడుదలైంది ‘లెట్ ఇట్ బీ’, 1970 మే 8న. కానీ అందులో పాటలు చాలావరకు 1969 జనవరివి. అప్పటికే బృందంలోని నలుగురికీ, అంటే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్‌లకి, పొసగడం లేదు. జార్జ్ హారిసన్ మధ్యలో లేచి వెళ్లిపోయి, కొన్నాళ్లకు తిరిగొచ్చాడు. ఆ టేపులు అలా పడి ఉండగానే మళ్లీ కూడి చేసింది ‘అబీ రోడ్’. అది ముందే, 1969 సెప్టెంబర్ 26న వచ్చేసింది. వేరుపడబోయే అన్నదమ్ములు ఆఖరి పంట కలిసి కోసుకున్నట్టుంటుంది. అందుకే విడుదలైన వరస వదిలెయ్. ముందు ‘లెట్ ఇట్ బీ’ విను, మర్నాడు ‘అబీ రోడ్’. (మొదటిదాంట్లో ‘ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’కి నిర్మాత ఫిల్ స్పెక్టర్ తర్వాత కలిపిన వయొలిన్ల మోత నాకు ఇప్పటికీ నచ్చదు.)

పాటలు కలగాపులగంగా వినే అలవాటు ఆ ఒక్కరోజూ మానెయ్. ‘అబీ రోడ్’ మొత్తం 47 నిమిషాలే. ధనుర్మాసంలో, తెల్లారేటప్పుడు మేడ మీదకెళ్లి విను. మనకి ఎండంటే రోహిణీ కార్తె, రోళ్లు పగిలే ఎండ. ‘హియర్ కమ్స్ ద సన్’లో ఎండ అది కాదు. బృందం కంపెనీ ఆఫీసు గొడవలు తప్పించుకుని స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ తోటలో కూర్చుని, చలికాలం పోతోందన్న ఊరటతో హారిసన్ కట్టిన పాట. వణుకుతున్న ఒంటికి మొదటి కిరణం తగిలితేనే అది తెలుస్తుంది.

తర్వాత వచ్చే చిన్న పాటల వరస దాదాపు 16 నిమిషాలు. సగంలో ఆగిన ముక్కలే చాలావరకు. రాగమాలికలో రాగం మారినట్టు ఒకదాంట్లోంచి ఒకటి జారుకుంటాయి. చివర్లో రింగో డ్రమ్స్ ఒంటరిగా మోగుతాయి. వాళ్ల ఆల్బమ్‌లన్నిట్లో అతను చేసిన సోలో అదొక్కటే. వెంటనే మూడు గిటార్లు, తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులేసుకున్నట్టు: పాల్, జార్జ్, జాన్, మళ్లీ పాల్. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరిది ఏదో పట్టుకో. గరగరలాడేది జాన్‌ది. ఏడాదంతా పోట్లాడుకున్నవాళ్లు అక్కడ ఒకరి మాట ఒకరు వింటున్నారు. నాకు గొంతు పట్టేసేది అక్కడే.

రోజులు వేరు, నేను విన్నది ఖాళీ క్యాసెట్ ఇచ్చి ఓ రికార్డింగ్ షాపులో ఎక్కించుకుని. మొదటి వైపు ఆఖరి పాట కత్తితో కోసినట్టు తెగిపోయింది. టేపు పాడు చేశారని వెళ్లి దెబ్బలాడాను. నిజానికి అక్కడ కోసెయ్యమన్నది జాన్ లెనన్. నీకూ అక్కడ ఉలికిపాటొస్తుంది, ఫోను పాడైందనుకోకు.

రెండో వైపు చివర మాత్రం షాపతను నిజంగానే పొరపడ్డాడు. అంతా అయిపోయి నిశ్శబ్దం రాగానే రికార్డింగ్ ఆపేశాడు. ఆ నిశ్శబ్దం తర్వాత 23 సెకన్ల పాట ఒకటుందని, ‘హర్ మెజెస్టీ’ అని, నాకు చాలా ఏళ్లదాకా తెలియదు. పాల్ పారెయ్యమన్నా, ఏదీ పారెయ్యకూడదన్న స్టూడియో నియమంతో ఓ కుర్ర ఇంజనీరు టేపు చివర అతికించి ఉంచిన ముక్క అది. నువ్వు మాత్రం నిశ్శబ్దం రాగానే ఫోను మీద చెయ్యి వెయ్యకు. అలాగే కూర్చో.

మీ మావయ్య