సైనికులే రాసిన యుద్ధ కవిత్వం ఎందుకు వేరుగా ఉంటుంది?

ఇంట్లో కూర్చుని యుద్ధం గురించి రాసేవాళ్లకు జెండా, వీరమరణం కనిపిస్తాయి. కందకంలో ఉన్నవాడికి ముందు కనిపించేది బురద. తేడా అంతా అక్కడే.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో అధికారిగా పనిచేసిన విల్‌ఫ్రెడ్ ఓవెన్‌నే తీసుకోండి. 1917లో షెల్‌షాక్‌తో, అంటే యుద్ధ అనుభవాలకు మనసు దెబ్బతిని, ఎడిన్‌బరోలోని ఆసుపత్రిలో చేరాడు. తనలాగే సైనికుడూ కవీ అయిన సీగ్‌ఫ్రీడ్ ససూన్ అక్కడే పరిచయమయ్యాడు. ఆ రోజుల్లో ఓవెన్ మొదలుపెట్టిన ఒక కవితలో సైనికులు ముసలి బిచ్చగాళ్లలా నడుం వంగిపోయి, నిద్రలోనే నడుస్తుంటారు. చాలామందికి బూట్లు లేవు, పాదాలకు నెత్తురే తొడుగు. ఇంతలో విషవాయువు! అందరూ తడబడుతూ మాస్కులు తగిలించుకుంటారు, ఒకడికి మాత్రం ఆలస్యమైపోతుంది. మాస్కు అద్దంలోంచి చూస్తే వాడు పచ్చటి సముద్రంలో మునిగిపోతున్నట్టే ఉంటాడు. దేశం కోసం చావడం తీయన అని లాటిన్ కవి హొరేస్ చెప్పిన మాటను ఓవెన్ చివర్లో పాత అబద్ధం అనేస్తాడు. కళ్లారా చూసినవాడు కాబట్టి అనగలిగాడు.

1918 నవంబరు 4న, యుద్ధం ఆగడానికి సరిగ్గా వారం ముందు, ఫ్రాన్స్‌లో ఒక కాలువ దగ్గర పోరులో చనిపోయాడు. వయసు 25. అన్నట్టు, అతని నోట్‌బుక్‌లో రవీంద్రనాథ్ టాగోర్ వాక్యాలు ఉన్నాయని తల్లి తర్వాత టాగోర్‌కే ఉత్తరం రాసింది.