హాల్లో ఎవరెక్కడ కూర్చోవాలి?

ప్రశ్న: మాది విజయవాడ. రెండు పడకగదుల ఫ్లాటు, హాలు 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. మావారు నాతో ఒక్క మాటైనా అనకుండా 62 వేల ఎల్ షేప్ సోఫాకు 10 వేలు అడ్వాన్సు ఇచ్చొచ్చారు. అది రావాలంటే మా మావయ్యగారు చేయించిన టేకు దివాన్‌ను హాల్లోంచి తీసేయాలి. మోకాళ్ల నొప్పులతో ఉన్న అత్తయ్యగారు ‘దాన్ని తీస్తే నన్నూ తీసేసినట్టే’ అని సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. మా పెద్దాడపడుచు నలుగురిలో ‘మా తమ్ముడింట్లో కూర్చోడానికి చోటుండదు’ అన్నప్పటి నుంచి ఆయనకీ పట్టుదల. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నేను వంటింట్లోంచి బయటికి రాలేను. శ్రావణమాసం పేరంటానికి పాతికమందిని పిలవాలి. తల్లీకొడుకుల మధ్య నలిగిపోతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మూడు గొడవలు వచ్చి ఒకే సోఫా మీద కూర్చున్నాయమ్మా. మీవారికి అక్కగారి మాట గుచ్చుకుంది. అత్తగారికి ఇంట్లో తన చోటు పోతుందన్న భయం. మీకేమో, చాకిరీ అంతా చేసేది మీరైనా మిమ్మల్ని ఎవరూ అడగలేదన్న బాధ. ఏ సోఫా కొన్నా ఈ మూడూ తీరవు. అయితే అడ్వాన్సుకు గడువుంది కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

షాపుకు ఫోన్ చేసి ‘చెక్క కోశారా?’ అని అడగమనండి. కోయకపోతే డబ్బు తిరిగి ఇవ్వకపోయినా, దాన్ని వేరే సామాను కింద సర్దడానికి చాలామంది ఒప్పుకుంటారు. కోశాక ఒప్పుకోవడం కష్టం. ఈ మాట మీ నోటి నుంచి ‘ఆ సోఫా వద్దు’ అన్నట్టు రాకూడదు. అసలే మాట పడి ఉన్న మనిషి, ఇంట్లో కూడా తన ఎంపిక చెత్త అన్నారనుకుంటే ఇంకా బిగుసుకుంటారు. ‘కొలిచి చూద్దాం, పడితే తెచ్చుకుందాం’ అనండి. చాలు.

కొలవడం కాగితం మీద కాదు, నేల మీద. షాపులో ఇచ్చిన కొలతలు తీసుకుని పాత న్యూస్‌పేపర్లు పరిచి అంచులకు టేపు వేయండి. మామూలుగా ఈ రకం సోఫా 9 అడుగులు ఒక వైపు, ఆరున్నర అడుగులు ఇంకో వైపు ఉంటుంది. పదడుగుల వెడల్పులో ఆరున్నర సోఫాకు, 16 అంగుళాలు టీవీ యూనిట్‌కు పోతే మీకు మిగిలేది రెండడుగుల రెండంగుళాలు. ఆ సందులోంచి మీవారినే ఆరు కాఫీ గ్లాసులున్న ట్రే పట్టుకుని ఒకసారి నడవమనండి. వాదనతో పనుండదు. రాత్రిపూట గోడ పట్టుకుని బాత్రూముకు వెళ్లే పెద్దావిడ ఉన్న ఇంట్లో నడిచే దారి 3 అడుగులకు తగ్గకూడదు.

ఇంకో విషయం అమ్మేవాళ్లు చెప్పరు. ‘ఏడుగురు కూర్చోవచ్చు’ అనే ఎల్ సోఫాలో మన ఇళ్లలో కూర్చునేది నలుగురో అయిదుగురో. మూలలో కూర్చుంటే పక్కవాళ్ల మోకాళ్లు అడ్డం. పరిచయం తక్కువైన ఇద్దరు చెరో చివరా కూర్చుంటే వాళ్ల మధ్య ఇరుక్కోవడానికి మూడో మనిషి మొహమాటపడతాడు, ముఖ్యంగా ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఉన్నప్పుడు. అందుకే అతిథులు ఎక్కువ వచ్చే ఇంటికి విడివిడి కుర్చీలే అక్కరకొస్తాయి.

ఇక దివాన్. అత్తగారు పట్టుపడుతున్నది చెక్క కోసమే అనుకోకండి. హాల్లో ఉంటే వచ్చేపోయేవాళ్లు ముందు ఆవిడనే పలకరిస్తారు. దాన్ని పడగ్గదిలోకి మార్చడమంటే ఆవిడను గదికి పరిమితం చేయడమే, అది ఆవిడకు తెలుసు. పైగా మోకాళ్లకు దివానే మంచిది. ఈ కాలపు సోఫాల సీటు చాలావరకు 16, 17 అంగుళాల ఎత్తులో, 22 నుంచి 24 అంగుళాల లోతులో ఉంటుంది. అందులో పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు తుంటికన్నా పైకి వస్తాయి, లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. వాళ్లకు 18 నుంచి 20 అంగుళాల ఎత్తు, పట్టుకుని లేవడానికి గట్టి చెయ్యి ఉండాలి. మీ దివాన్ ఎత్తు 16 అంగుళాలైతే నాలుగంగుళాల గట్టి కొబ్బరిపీచు పరుపు వేయండి, సరిపోతుంది. పాత దూది పరుపే ఉంచాలనుకుంటే ఏకించి మళ్లీ కుట్టించండి. మెత్తటి ఫోమ్ మాత్రం వద్దు, మనిషి కూర్చోగానే రెండంగుళాలు దిగిపోతుంది. దివాన్ వెడల్పు సాధారణంగా 30 అంగుళాలు కాబట్టి వీపుకు ఏమీ ఆనదు. గోడ వైపు ఎనిమిదంగుళాల మందం బాలీసులు రెండు పెడితే కూర్చునే లోతు 22 అవుతుంది, అతిథులు ముగ్గురు హాయిగా ఆనుకుంటారు. తల వైపు లేవడానికి పట్టు లేకపోతే వడ్రంగి చేత ఒక చెక్క చెయ్యి బిగించండి. ఎలాగూ పిలుస్తారు కాబట్టి అడుగు ప్లైవుడ్ కుంగిందేమో, కాళ్ల దగ్గర సన్నటి చెక్కపొడి రాలుతోందేమో చూపించండి. రాలుతుంటే పురుగు పట్టినట్టే, కొత్త సామాను రాకముందే మందు కొట్టించాలి.

పైన దుప్పటికి పెడన కలంకారీ గుడ్డ 44 అంగుళాల పన్నాలో రెండున్నర మీటర్లు చాలు. కుట్టించకముందే ఉప్పునీళ్లలో విడిగా నానబెట్టి ఉతకండి, లేకపోతే కుంచించుకుపోయి పరుపు అంచులు బయటపడతాయి. సోఫాకు రెక్సిన్ వద్దనే చెబుతాను. బెజవాడ ఎండల్లో ఒంటికి అతుక్కుంటుంది, కొన్నేళ్లకు పొరలు రాలుతుంది. జిప్పుతో ఊడదీసే కాటన్ కవర్లు అడగండి. సీటు ఫోమ్ 40 డెన్సిటీకి తగ్గితే తొందరగా గుంటలు పడుతుంది.

పొడుగు గోడకు దివాన్ 6 అడుగులు, దాని పక్కన 5 అడుగుల ఇద్దరి సోఫా, ఎదురుగా టీవీకి చెరో వైపు చేతుల కుర్చీ ఒక్కోటి పెట్టండి. మొత్తం ఏడుగురు. దివాన్‌కు కాళ్లున్నాయి కాబట్టి మడత కుర్చీలు నాలుగు కింద పడుకోబెడితే పదకొండు. నడిచే దారి పోదు, ‘చోటుండదు’ అన్న మాటకు జవాబూ దొరుకుతుంది. దివాన్ ఎటు తిప్పాలో మాత్రం అత్తగారినే అడగండి. గుమ్మం కనపడేలా అంటారు, చూడండి.

ఆడపడుచు మాట సంగతి. దానికి మీరు జవాబివ్వకండి. అక్కకి తమ్ముడే చెప్పాలి. కొత్త అమరిక అయ్యాక ఆవిడను పిలిచి ‘వదినగారూ, దివాన్ మీద అత్తయ్యగారి పక్కన కూర్చోండి’ అనడం వరకే మీ వంతు.

మీ ఆదివారాల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో దాన్ని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. అతిథులుండగా ముఖం ముడుచుకోవడం, వెళ్లాక పోట్లాడటం, రెండూ పనికిరావు. బుధవారమో గురువారమో ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు ఇలా అనండి: ‘మనవాళ్లు రావడం నాకిష్టమే. నేనూ కాసేపు వాళ్లతో కూర్చోవాలి. అందుకని నీళ్లు, కుర్చీలు, వడ్డన, కంచాలు తీయడం మీవి. వంట నాది.’ ‘కాస్త సాయం చేయండి’ అంటే పని జరగదు, పని పేరు చెప్పాలి. అత్తగారికీ కూర్చుని చేసే పని ఇవ్వండి, కూరలు తరగడం, ఆకువక్క సర్దడం. ఆవిడకు అది బరువనిపించదు, పెద్దరికమనిపిస్తుంది.

‘భోంచేసి వెళ్లండి’ అనే ముందు ఒకసారి వంటింట్లోకి వచ్చి అడగాలన్న ఒప్పందం కూడా చేసుకోండి. దానికి మీ వైపు నుంచి ఏర్పాటు ఉండాలి. పులిహోర పులుసు నూనె తేలేదాకా ఉడికించి, చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు వారాలు ఉంటుంది. కిలో బియ్యానికి 125 గ్రాముల చింతపండు చొప్పున చేసుకోండి. అన్నం వండి కలపడమే మిగులుతుంది. మామూలు భోజనమైతే పన్నెండు మందికి కిలోన్నర బియ్యం, 400 గ్రాముల కందిపప్పు, రెండు లీటర్ల పాల పెరుగు. కాఫీ డికాక్షన్ పొద్దున్నే దింపి పెట్టండి. పది చిన్న గ్లాసులకు 75 గ్రాముల పొడి, ముప్పావు లీటరు పాలు. అందరూ వచ్చాక ఫిల్టర్ పెడితే అది దిగేసరికి మీ ఓపిక కూడా దిగిపోతుంది.

పేరంటానికి పాతికమందినీ ఒకే వేళకు పిలవకండి. సగం మందికి అయిదు గంటలని, మిగతావాళ్లకు ఆరున్నర అని చెప్పండి. టీపాయ్ గదిలోకి నెట్టేసి వరంగల్ జంపఖానాలు రెండు పరవండి, నేల మీద కూర్చోలేనివాళ్లకు మడత కుర్చీలు గోడ వారగా వేయండి. కిలో శనగలు నానితే రెండు కిలోలకు పైనే అవుతాయి, మనిషికి గుప్పెడు చొప్పున సరిపోతాయి. నీళ్లు వంపి గుడ్డ మీద ఆరబెట్టాకే కవర్లలో వేయండి, తడిగా మూట కడితే ఇంటికి చేరేసరికి వాసన వస్తాయి. తాంబూలం సంచులు గుమ్మం దగ్గర అత్తగారి చేతికి అందేలా ఉంచండి. బొట్టు పెట్టి ఇచ్చేది ఆవిడే అయితే ఆ సాయంత్రం మీకు సగం పని తగ్గుతుంది.

ఒకవేళ చెక్క కోసేశారనుకోండి, లేదా ఎంత చెప్పినా ఆయన ఎల్ షేపే కావాలన్నారనుకోండి. అప్పుడు గొడవ సోఫా వద్దనడం మీద పెట్టకండి, కొలత మీద పెట్టండి. పొట్టి వైపు 5 అడుగులకు, పొడుగు వైపు 7 అడుగులకు తగ్గించమనండి, సీటు ఎత్తు 18 అంగుళాలు చేయమనండి. కుట్టే పని మిగిలి ఉన్నంతవరకు షాపువాళ్లు ఇవి మార్చగలరు. అప్పుడు దారికి మూడున్నర అడుగులు, పొడుగు గోడ మీద 8 అడుగులు మిగులుతాయి. దివాన్ అక్కడే ఉంటుంది.