కోర్సులో చేరాలా, ఉన్న పనిలోనే పట్టు పెంచుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి నాలుగేళ్లుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తోంది. బీమా క్లెయిముల ప్రాజెక్టు. ఈ ఏడాది వాళ్ల ఆఫీసులో రెండు విడతలుగా మనుషుల్ని తీసేశారు. ఏఐ, డేటా సైన్స్‌లో పదకొండు నెలల ఆన్‌లైన్ కోర్సు ఉంది, చేరమంటున్నాను. ఫీజుకు లోను తీసుకోవడానికైనా నేను సిద్ధమే. తనేమో ఉన్న పనిలోనే ఎదుగుతానంటోంది. రెండింట్లో ఏది మంచిది? ఉద్యోగం పోకుండా ఉండాలంటే ఏం చేయాలి?
- ఒక తండ్రి

జవాబు: రెండింటినీ పోల్చి చెబుతాను. కానీ ముందు మీ చివరి వాక్యం సంగతి చూద్దాం. 'ఉద్యోగం పోకుండా' అన్న హామీ ఏ కోర్సూ ఇవ్వదు, నేనూ ఇవ్వలేను. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. పైకి కోర్సు గురించి అడుగుతారు, లోపల ఉండేది మాత్రం 'రేపు మా పిల్లకి తీసేస్తున్నామని మెయిల్ వస్తే ఎలా?' అన్న భయం. ఆ భయంలో తీసుకునే నిర్ణయాలే చాలాసార్లు డబ్బునీ, పిల్లల మనశ్శాంతినీ తినేస్తాయి.

లేఆఫ్ నిర్ణయాలు చాలావరకు పైనుంచి మొదలవుతాయి. క్లయింట్ బడ్జెట్ తగ్గిస్తాడు, లేదా కంపెనీ ఒక విభాగమే వద్దనుకుంటుంది. అప్పుడు బాగా చేసేవాళ్లు, చేయనివాళ్లు అని చూడకుండా టీమ్ టీమే పోవచ్చు. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించాయి. ఇప్పటి పరిస్థితి వేరు, మేం మనుషుల్ని తీసుకున్నప్పటి పరిస్థితి వేరు అని గూగుల్ అధిపతే ఉద్యోగులకు రాశారు. అంటే లెక్క తప్పింది పైన. అలా బయటికి వచ్చినవాళ్లంతా పని రానివాళ్లు కారు. మీ అమ్మాయికి రేపు అలాంటిది జరిగినా అది ఆమె మీద తీర్పు కాదు. ఈ మాట ముందు మీరు నమ్మితే, తనూ నమ్ముతుంది.

ఇక కోర్సు. కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. 2012లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ ఈ శతాబ్దంలో అందరూ మోజుపడే ఉద్యోగం డేటా సైంటిస్టుదే అన్న అర్థంలో రాసింది. ఆ తర్వాత డేటా సైన్స్ కోర్సులు కుప్పలుగా వచ్చాయి. మధ్యలో కొన్నాళ్లు బ్లాక్‌చెయిన్ అన్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ప్రాంప్ట్ ఇంజినీర్ (ఏఐకి ఏం చేయాలో సరిగ్గా రాసి చెప్పే మనిషి) అన్నారు. ఇప్పుడది విడిగా ఉద్యోగంగా కనిపించడం తక్కువ, ఎవరి పనిలో వాళ్లు నేర్చుకోవాల్సిన నేర్పుగా మారిపోయింది. ఈ సబ్జెక్టులు పనికిరావని నేననడం లేదు. గణితం, స్టాటిస్టిక్స్ మీద నిజంగా ఇష్టం ఉండి, ఏళ్ల తరబడి చేసేవాళ్లకు డేటా సైన్స్‌లో మంచి పనే ఉంది. కానీ నాలుగేళ్ల అనుభవాన్ని పక్కన పడేసి, సర్టిఫికెట్ పట్టుకుని ఫ్రెషర్‌గా క్యూలో చివర నిలబడటం మాంద్యంలో చేయాల్సిన పని కాదు. ఆ సమయంలో కంపెనీలు అన్నిటికంటే ముందు ఆపేది కొత్తవాళ్లను తీసుకోవడమే. పైగా లోను! ఉద్యోగం పోతుందేమో అని భయపడుతూ, ఉద్యోగం ఉంటేనే తీరే అప్పు చేస్తానంటున్నారు. ఒక్కసారి మీరే ఆలోచించండి.

మీ అమ్మాయి ఉన్నచోట ఎదుగుతానంది కదా, అందులో నాకు చాలా విషయం కనిపిస్తోంది. నాలుగేళ్లుగా బీమా క్లెయిముల సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తోందంటే, క్లెయిము ఎక్కడ ఇరుక్కుంటుందో, ఏ నియమం మారితే ఏ లెక్క తప్పుతుందో ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ డొమైన్ పరిజ్ఞానం పదకొండు నెలల వీడియోల్లో దొరకదు. కాకపోతే అది ఆమె తలలోనే ఉండిపోతే ఎవరికీ కనపడదు.

కాబట్టి ముందు మేనేజర్‌ని ఒక ప్రశ్న అడగమనండి: 'మా టీమ్ పనిలో క్లయింట్‌కి అన్నిటికంటే ముఖ్యమైనది ఏది? ఏది ఆగితే ఫోన్ చేస్తాడు?' చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే ఏళ్లు గడిపేస్తారు. జవాబు దొరికాక ఆ పనికి దగ్గరగా జరగాలి. ప్రతి రిలీజ్‌కీ చేత్తో చేసే రిగ్రెషన్ టెస్టులు (కొత్త మార్పు వల్ల పాతవి చెడలేదు కదా అని మళ్లీ చూసే పరీక్షలు) ఉంటే వాటిని ఒక్కొక్కటిగా ఆటోమేట్ చేయాలి. ఏపీఐ టెస్టింగ్ (రెండు సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునే చోటును పరీక్షించడం), కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ ఇందుకు చాలు, వీటికి ఉచితంగా దొరికే పాఠాలు బోలెడున్నాయి. ఏఐ కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. కంపెనీ అనుమతించిన టూల్‌తో టెస్ట్ కేసులు రాయించి, అది వదిలేసిన తప్పుల్ని పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. క్లెయిములు తెలిసిన మనిషికే ఆ తప్పులు కనిపిస్తాయి.

చేసినదాన్ని రాసి పెట్టుకోవాలి. ముందు ఎంత సమయం పట్టేది, ఇప్పుడెంత పడుతోంది, ఏ బగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పు) క్లయింట్ వాడే సిస్టమ్‌లోకి వెళ్లకుండా ఆపింది - ఇవి ఎప్పటికప్పుడు నోట్ చేసుకుంటే అప్రైజల్‌లో చెప్పడానికి తడుముకోనక్కర్లేదు. అవే రేపు రెజ్యూమెలోకీ వెళ్తాయి. మన పిల్లల్లో చాలామందికి చేసింది చెప్పుకోవాలంటే మొహమాటం. మంచి రోజుల్లో ఆ మొహమాటం చెల్లుతుంది, ఇప్పుడు చెల్లదు.

రెండు పనులు మాత్రం వద్దు. రాత్రి తొమ్మిదిదాకా ఆఫీసులో కూర్చుంటే విలువ పెరగదు, అలసట పెరుగుతుంది. అలాగే, 'నాకు తప్ప ఎవరికీ తెలియకూడదు' అని పని దాచుకోవడం. అది భద్రతలా అనిపిస్తుంది గానీ, అలాంటివాళ్లకు పై పని ఎవరూ ఇవ్వరు. జూనియర్‌కి నేర్పినవాళ్లనే కొత్త పనిలోకి పంపుతారు. రేపు కంపెనీ మారాల్సివస్తే వీళ్ల గురించి మంచి మాట చెప్పేదీ ఆ జూనియర్లూ, పాత సహోద్యోగులే.

పోల్చి చెబుతానన్నాను కాబట్టి నా జవాబు: ఈ ఏడాదికి మీ అమ్మాయి మాటే సరైనది. ఏడాది తర్వాత, తన పనిలో డేటా అవసరం నిజంగా తగిలి, తనకే నేర్చుకోవాలనిపిస్తే అప్పుడు కోర్సు చూడండి, అదీ కంపెనీ ఖర్చుతో వీలవుతుందేమో అడిగాక.

ఇక మీరు చేయాల్సింది. లోను వద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోవడానికి తనకు సాయం చేయండి. ఆ ఆసరా ఉంటే మెయిల్ వచ్చినా దొరికిన మొదటి ఉద్యోగంలోకి కంగారుగా దూకనక్కర్లేదు. 'ఇవాళ ఆఫీసులో ఏమైనా అన్నారా?' అని రోజూ ఫోన్ చేసి అడుగుతుంటే అది మానేయండి. ఆఫీసులో సరిపడా టెన్షన్ ఉంది, ఇంటి నుంచి రెండో విడత అక్కర్లేదు.

కోర్సువాళ్లు 'ఈ రోజే ఆఖరు, డిస్కౌంట్ పోతుంది' అని మళ్లీ ఫోన్ చేస్తారు. అప్పుడు ఒక్కటి అడగండి: టెస్టింగ్‌లో నాలుగేళ్లు చేసి, మీ దగ్గర చదివి, పోయిన ఆరు నెలల్లో డేటా ఉద్యోగంలో చేరినవాళ్లు ఇద్దరితో మా అమ్మాయిని మాట్లాడించగలరా అని. మాట్లాడిస్తే, వాళ్లు ఏం చెప్పారో నాకూ రాయండి.