పీహెచ్ 8 ఉన్న ఆసిడ్ ఉంటుందా?

కెమిస్ట్రీ సందేహాలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలవే. కాలేజీల్లో సమతాస్థితి (ఒక చర్య ముందుకూ వెనక్కూ ఒకే వేగంతో నడిచే స్థితి) పాఠం మొదలైనట్టుంది. అయినా ముందు హన్మకొండ నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరానికి జవాబు చెప్పాలి. అది మార్కుల సంగతి కాదు, ఊపిరితిత్తుల సంగతి.

ప్రశ్న: బాత్రూమ్ గచ్చు మీద నాచు పోవాలని బ్లీచింగ్ పౌడర్ చల్లాను. సరిగా పోలేదని దాని మీదే బాత్రూమ్ ఆసిడ్ పోశాను. ఒక్కసారిగా ఘాటు వాసన, కళ్ళ మంట, ఆగకుండా దగ్గు. బయటికి ఉరికాను. రెండూ శుభ్రం చేసేవే కదా సార్, కలిస్తే ఏమైంది?

జవాబు: అమ్మా, బయటికి ఉరికి మంచి పని చేశారు. అక్కడ పుట్టింది క్లోరిన్ వాయువు. క్లోరిన్‌ను నీళ్ళలో కరిగిస్తే కొంత భాగం నీటితో చర్య జరిపి హైడ్రోక్లోరిక్ ఆసిడ్, హైపోక్లోరస్ ఆసిడ్ అవుతుంది. ఈ చర్య రెండు వైపులా నడుస్తుంది. ఆసిడ్‌ను మనమే బయటి నుంచి పోస్తే వెనక్కి తిరిగి క్లోరిన్‌ను వదులుతుంది. బ్లీచింగ్ పౌడర్‌లో హైపోక్లోరైట్ ఉంది, మీ సీసాలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉంది. ఇంకేం కావాలి! పైగా క్లోరిన్ గాలికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువు. నేల దగ్గరే ఉండిపోయి, వంగి తోముతున్న మనిషి ముక్కులోకి పోతుంది. ఇకమీదట ఒకటి వాడిన రోజు రెండోది ముట్టుకోకండి. దగ్గు, ఆయాసం ఇంకా ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి, ఏమేం కలిపారో కూడా చెప్పండి.

ప్రశ్న: 10⁻⁸ మోలార్ (లీటరుకు 10⁻⁸ మోల్) హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పీహెచ్ ఎంత అని టెస్టులో ఇచ్చారు. సూత్రం ప్రకారం 8 వేశాను. తప్పు, 6.98 అన్నారు. ఎందుకని అడిగితే ‘అది అంతే, గుర్తు పెట్టుకో’ అన్నారు. (ఇంటర్ విద్యార్థిని, పరకాల)

జవాబు: బిడ్డా, గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క కాదిది. పీహెచ్ అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢతను చెప్పే అంకె. గాఢత 10⁻⁸ అయితే పీహెచ్ 8. మామూలుగా 7 కన్నా తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. కాబట్టి 8 అంటే క్షారం. ఆసిడ్‌ను ఎంత పలచన చేసినా క్షారం కాదు గదా, అక్కడే అనుమానం రావాలి. నువ్వు ఆసిడ్‌ను లెక్కేశావు, అది కలిసిన నీళ్ళను వదిలేశావు.

స్వచ్ఛమైన నీరు కూడా కొద్దిగా అయనీకరణం చెందుతుంది, అంటే అయాన్లుగా విడిపోతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు 10⁻⁷ మోల్ హైడ్రోజన్ అయాన్లు, అన్నే హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. ఈ రెండు గాఢతల లబ్ధం 10⁻¹⁴. నీ ఆసిడ్ ఇచ్చేది 10⁻⁸, అంటే నీళ్ళు ఇచ్చేదానిలో పదో వంతు. మామూలుగా మనం చేసే లెక్కల్లో ఆసిడ్ 0.1 మోలారో, 0.01 మోలారో ఉంటుంది కాబట్టి నీళ్ళ వాటా వదిలేసినా ఏమీ కాదు. ఇక్కడ పెద్ద వాటా నీళ్ళదే.

సరే, రెండూ కూడితే? 10⁻⁷ కు 10⁻⁸ కలిపితే 1.1 × 10⁻⁷. పీహెచ్ 6.96. తెలివైన పిల్లలు కూడా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. దగ్గరికే వచ్చింది గదా అని దిద్దేవాళ్ళూ వదిలేస్తారు. నాకైతే ఆ 0.02 తేడాలోనే పాఠమంతా ఉందనిపిస్తుంది. ఆసిడ్ నుంచి కొత్తగా హైడ్రోజన్ అయాన్లు వచ్చేసరికి నీటి సమతాస్థితి కాస్త వెనక్కి జరుగుతుంది. కొన్ని హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు కలిసి మళ్ళీ నీరైపోతాయి. కాబట్టి నీళ్ళ వాటా ఇప్పుడు పూర్తి 10⁻⁷ కాదు. ఎంతో తెలియదు కాబట్టి దాన్ని ఒక అక్షరం అనుకో. హైడ్రాక్సైడ్ గాఢత కూడా అంతే. దాన్ని, దానికి 10⁻⁸ కలిపిన మొత్తంతో గుణిస్తే 10⁻¹⁴ రావాలి. ఆ వర్గ సమీకరణం సాధిస్తే నీళ్ళ వాటా 0.95 × 10⁻⁷ అని తేలుతుంది. ఆసిడ్ వాటా 0.1 × 10⁻⁷ కలిపితే 1.05 × 10⁻⁷. లాగరిథమ్ తీసి చూడు, 6.98 వస్తుంది.

దీన్ని పీహెచ్ మీటరు పెట్టి చూపించమంటే మాత్రం నా వల్ల కాదు. గాలి తగిలిన స్వచ్ఛమైన నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి కార్బానిక్ ఆసిడ్ తయారై, పీహెచ్ 5.6 దగ్గరికి దిగిపోతుంది. దాని ముందు నీ 10⁻⁸ ఆసిడ్ లెక్కలోకే రాదు. ఇది కాగితం మీది లెక్క, కాకపోతే మంచి లెక్క. ఇంకొకటి, 7 అంటే తటస్థం అన్న మాట 25 డిగ్రీలకే చెల్లుతుంది. మరిగే నీళ్ళలో అయనీకరణం ఎక్కువ, అక్కడ తటస్థ పీహెచ్ సుమారు 6.1. హైడ్రాక్సైడ్ కూడా అంతే పెరిగింది కాబట్టి అవి ఆమ్లమైపోవు. ఈ పీహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ తెచ్చాడు, కోపెన్‌హేగన్‌లో ఒక బీరు కంపెనీ పెట్టిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. పరీక్షలో బీరు సంగతి రాయకు.

ప్రశ్న: సమతాస్థితి అంటే క్రియాజనకాలు, ఉత్పన్నాలు సగం సగం ఉండటమేనా? (జనగామ)

జవాబు: కాదు. సమానమయ్యేవి వేగాలు, గాఢతలు కావు. హన్మకొండ బస్టాండులోకి నిమిషానికి ఎంతమంది వస్తున్నారో అంతమందే బయటికి పోతుంటే లోపలి జనం లెక్క మారదు. అంతమాత్రాన లోపల ఎంతమందో బయటా అంతమందే ఉన్నారని కాదు. 0.1 మోలార్ ఎసిటిక్ ఆసిడ్‌లో నూటికి ఒకటికన్నా కాస్త ఎక్కువ అణువులే అయాన్లుగా ఉంటాయి, మిగతావి అణువులుగానే ఉంటాయి. అదీ సమతాస్థితే.

ప్రశ్న: తెల్ల చొక్కా మీద పసుపు మరక పడింది. సబ్బు పెట్టగానే ఎర్రబడింది. బట్ట పాడైందని టెన్షన్ పడ్డాను. నాలుగుసార్లు జాడిస్తే మళ్ళీ పసుపుపచ్చగా అయింది. సబ్బులో రంగు ఉందా? (ఆర్మూర్)

జవాబు: పసుపు పండించే ప్రాంతం నుంచే ఈ ప్రశ్న రావడం బాగుంది. రంగు సబ్బులో లేదమ్మా, పసుపులోనే ఉంది. పసుపులోని కర్‌క్యుమిన్ ఆమ్లంలో, మామూలు నీళ్ళలో పసుపుపచ్చగా ఉంటుంది. క్షారం తగిలితే తన హైడ్రోజన్‌ను అయాన్‌గా వదిలేసి ఎర్రటి రూపంలోకి మారుతుంది. సబ్బు క్షారగుణం ఉన్నదే. జాడించి సబ్బు పోగొట్టాక హైడ్రోజన్ తిరిగి వచ్చి పాత రంగు వస్తుంది. తొందరగా చూడాలంటే ఎర్రబడ్డ చోట నిమ్మరసం పిండండి. దిష్టి తీయడానికి పసుపు నీళ్ళలో సున్నం వేసి ఎర్రనీళ్ళు చేస్తాం చూడండి, అదీ ఇదే చర్య. కాలేజీ ల్యాబ్‌లో అంశమాపనం (టైట్రేషన్) చేసేటప్పుడు చుక్కలు వేసే ఫినాఫ్తలీన్ కూడా ఇలాగే రూపం మారే పదార్థం.

మరక పోవాలంటే మాత్రం ఈ రంగుల ఆటతో పని కాదు. ఉతికి ఎండలో ఆరేయండి. వెలుతురుకు కర్‌క్యుమిన్ అణువే విరిగిపోతుంది. నిమ్మకాయ పిండినా, సబ్బు పెట్టినా విరిగింది మళ్ళీ అతుక్కోదు. సబ్బుతో వచ్చేది తిరిగి వచ్చే మార్పు, ఎండతో వచ్చేది తిరిగిరాని మార్పు.

ప్రశ్న: మా చిన్నోడి పుస్తకంలో అమ్మోనియా తయారీకి తక్కువ ఉష్ణోగ్రత అనుకూలం అని ఉంది. అదే పేజీలో 450 డిగ్రీలకు పైన వేడి చేస్తారని ఉంది. ఏది నిజం సార్? మా పక్కనే రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి అడుగుతున్నా. (గోదావరిఖని)

జవాబు: రెండూ నిజమే. ఇట్లా పక్కపక్కన పెట్టి, మధ్యలో ఒక్క వాక్యం కూడా రాయని పుస్తకాల మీద నాకు కోపం.

గాలిలోని నైట్రోజన్ ఒక భాగం, హైడ్రోజన్ మూడు భాగాలు కలిస్తే అమ్మోనియా రెండు భాగాలు. ఒక మోల్ నైట్రోజన్‌కు 92 కిలోజౌళ్ళ వేడి బయటికి వస్తుంది. వేడిని వదిలే చర్య కాబట్టి చల్లబరిస్తే సమతాస్థితి అమ్మోనియా వైపు జరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర సమతాస్థితి స్థిరాంకం (ఉత్పన్నం వైపు ఎంత మొగ్గుందో చెప్పే సంఖ్య) లక్షల్లో ఉంటే, 450 దగ్గర 0.001 కన్నా చాలా తక్కువ. సమతాస్థితిని కదిలిస్తే ఆ మార్పును తగ్గించే వైపే అది జరుగుతుందనేది లె షాట్లియర్ సూత్రం. అది చెప్పేది ఇంతవరకే.

కానీ ఆ సమతాస్థితికి ఎంతసేపట్లో చేరతామో ఆ సూత్రం చెప్పదు. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలున్నాయి, తెంచడానికి మోల్‌కు 945 కిలోజౌళ్ళు కావాలి. మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఆ వాయువులను కలిపి ఏళ్ళ తరబడి ఉంచినా అమ్మోనియా వాసన కూడా రాదు. అందుకే ఇనుము ఉత్ప్రేరకం (తను ఖర్చు కాకుండా చర్యను వేగం చేసే పదార్థం) పెట్టి, అది పనిచేసేటంత వేడి ఇస్తారు. వేడి వల్ల తగ్గిన దిగుబడిని కొంత రాబట్టడానికి 200 అట్మాస్ఫియర్ల స్థాయి ఒత్తిడి పెడతారు. నాలుగు భాగాల వాయువు రెండు భాగాలవుతుంది కాబట్టి ఒత్తిడి అటే నెడుతుంది.

ఇంత చేసినా ఒక్కసారి ఉత్ప్రేరకం మీదుగా పోయిన వాయువులో మారేది 15 శాతం అటూ ఇటూ. అసలు తెలివి తర్వాత ఉంది. బయటికి వచ్చిన మిశ్రమాన్ని చల్లబరిస్తే అమ్మోనియా ద్రవమై విడిపోతుంది, నైట్రోజన్, హైడ్రోజన్ వాయువులుగానే మిగులుతాయి. వాటిని మళ్ళీ లోపలికి పంపుతారు. ఉత్పన్నాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తుంటే చర్య ముందుకే నడుస్తుంది.

మీ పక్కన 1980లో మొదలై 1999లో మూతపడ్డ పాత ఫ్యాక్టరీ బొగ్గుతో నడిచేది. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఇప్పటి ఫ్యాక్టరీకి హైడ్రోజన్ సహజవాయువు నుంచి వస్తుంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. ఆ యూరియాకు కావాల్సిన అమ్మోనియా ఇప్పుడు చెప్పిన పద్ధతిలోనే తయారవుతుంది.

చిన్నోడికి ఇంకో కథ కూడా చెప్పండి. ఆ సూత్రం చెప్పిన లె షాట్లియర్ 1901లో తనే అమ్మోనియా తయారు చేయబోయాడు. వాయువుల్లో గాలి కలిసి పరికరం పేలిపోవడంతో ఆ పని వదిలేశాడు. 1909లో జర్మన్ శాస్త్రవేత్త హాబర్ చేసి చూపించాడు, అక్కడివాడే అయిన బాష్ దాన్ని ఫ్యాక్టరీగా మార్చి 1913లో జర్మనీలోని ఒప్పౌలో నడిపించాడు.

పరీక్షలో ఉత్ప్రేరకం వల్ల అమ్మోనియా ఎక్కువ వస్తుందని రాస్తే మాత్రం మార్కు పోతుంది. ఉత్ప్రేరకం సమతాస్థితికి త్వరగా చేరుస్తుంది, అంతే. స్థిరాంకం అదే ఉంటుంది.