బావంచాలు దంచే ముందు

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బెంగళూరు ఉద్యోగం మానేశావని, చిత్తూరు ఇంట్లో మిద్దె మీది గది కడిగించి ముడతలు తగ్గించే సీరం తయారీ మొదలుపెడుతున్నావని చెప్పింది. నా కడుపు నిండిపోయింది. మన ఇళ్లలో ఆడపిల్ల సొంతంగా వ్యాపారం పెట్టడం నీతోనే మొదలు. మీ తాత ఉండుంటే గోవిందరాజస్వామి గుడి దగ్గర కనబడిన వాళ్లందరినీ ఆపి చెప్పుకునేవాడు. అంతలో మీ అమ్మ మాటల మధ్యలో, "కిలో బావంచాల గింజలు తెప్పించిందక్కా, ఇంట్లోనే నూనె తీస్తుందంట" అనింది. అని ఒక్క క్షణం ఆగింది. నేనూ ఆగాను. తర్వాత ఇద్దరం చింతకాయ తొక్కు సంగతి మాట్లాడుకొని ఫోన్ పెట్టేశాం. నాకు తెల్లవారేదాకా కన్ను మూతపడలేదు.

ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. కూర్చొని చదువు.

ముందు చిన్న సంగతులు తేల్చేస్తా. లైసెన్సు లేకుండా ఒక్క సీసా కూడా అమ్మొద్దు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ఉంది, 2020లో వచ్చిన కాస్మెటిక్స్ నిబంధనలు ఉన్నాయి. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ ఇచ్చే అనుమతి కావాలి. మిద్దె మీది గదికి అది రావడం కష్టం. లైసెన్సున్న ఫ్యాక్టరీలో నీ ఫార్ములాతో చేయించుకునే లోన్ లైసెన్సు పద్ధతి ఉంది, దాని గురించి కనుక్కో. లేబుల్ మీద "నయం చేస్తుంది" అనే మాట రాకూడదు, అది మందులకు రాసే మాట. నీళ్లు పడే ప్రతిదాంట్లోనూ ప్రిజర్వేటివ్ వేయాల్సిందే. కలబంద గుజ్జు ఇంట్లో తీసి కలిపితే నాలుగు రోజులకే బూజు పడుతుంది, కంటికి కనబడక ముందే సూక్ష్మక్రిములు పెరిగుంటాయి. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ ఒక శాతం లోపు వేస్తే జనం "కెమికల్" అంటారని భయపడకు. బూజు పట్టిన క్రీము కంటికి తగలడం కంటే అదే మేలు.

హయలురానిక్ ఆమ్లం చర్మంలో నీళ్లు పట్టి ఉంచుతుంది, అంతకు మించి దాని పేరుతో ఏదీ మాటివ్వకు. నియాసినమైడ్ బి3 విటమినే, నాలుగైదు శాతం దగ్గర చాలామందికి పడుతుంది, మంట తక్కువ. నువ్వు దీనితో మొదలుపెడితే నాకు నిశ్చింత.

విటమిన్ సి దగ్గర మాత్రం తొందరపడొద్దు. ముప్పై ఏళ్లు ఫార్మసీ పిల్లలకు పాఠాలు చెప్పాను కదా, ప్రతి ఏడూ ఒక పని చేసేదాన్ని. ఆస్కార్బిక్ ఆమ్లం నీళ్లలో కలిపి, గాజు సీసాలో పోసి, కిటికీ పక్కన పెట్టించేదాన్ని. మొదటి రోజు మంచినీళ్లలా ఉంటుంది. తర్వాత లేత గడ్డి రంగు. ఇంకొన్నాళ్లకు పలచటి టీ డికాషన్. పిల్లలు దాన్ని చూసి, "మేడం, అంగట్లో కొన్నది కూడా ఇట్లాగే ఉంది" అనేవాళ్లు. గాలి, వెలుతురు తగిలితే అది చెడిపోతుంది. పులుపును కొలిచే పీహెచ్ 3.5 కంటే తక్కువగా ఉంటేనే చర్మంలోకి దిగుతుంది, ఆ పులుపు అందరి ముఖమూ ఓర్చుకోదు. 2005లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 15 శాతం విటమిన్ సి, ఒక శాతం విటమిన్ ఇ, అర శాతం ఫెరులిక్ ఆమ్లం కలిపితే నిలకడగా ఉంటుందని, ఎండ నుంచి కాపు కూడా పెరుగుతుందని చూపించారు. ఆ ఫెరులిక్ ఆమ్లం మన వరి తవుడులో ఉండేదే. అలాగని తవుడు నానబెట్టి వడకట్టి పోయొద్దు. శుద్ధి చేసింది తెచ్చుకో, తూచి వెయ్యి.

ఇదే నీకు నేను ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నది. మొక్కలో ఉండే పదార్థం వేరు, మొక్క వేరు. గ్లైకాలిక్ ఆమ్లం చెరకులో ఉంటుందంటారు. మన చిత్తూరు జిల్లాలో బెల్లం గానుగల దగ్గర పెరిగినవాళ్లం, చెరకు రసం ముఖాన పూసుకుంటే ముడతలు పోయేవైతే గానుగ దగ్గర ముసలివాళ్లే ఉండకూడదు. సీసాలో వచ్చే గ్లైకాలిక్ ఆమ్లం చర్మం పైపొరను ఊడదీస్తుంది. అంగట్లో అమ్మే క్రీములో పది శాతం దాటకూడదని, పీహెచ్ 3.5కు దిగువకు పోకూడదని నిపుణులు చెబుతారు, ఎండలో జాగ్రత్త అని లేబుల్ మీద రాయించు. రెటినాల్ సంగతీ అంతే. ముడతల మీద బాగా రుజువైన వాటిలో విటమిన్ ఎ జాతిది ముందుంటుంది, కానీ మండుతుంది, పొట్టు లేస్తుంది. ఐరోపా సమాఖ్య 2024లో ముఖానికి పూసే వాటిలో దాన్ని 0.3 శాతానికి కట్టడి చేసింది. కడుపుతో ఉన్నవాళ్లకు వద్దని పెద్ద అక్షరాల్లో వేయించు.

ఇంకొకటి. ఎర్రచందనం పొడి చవగ్గా ఇస్తామని ఎవరో ఒకరు నీ దగ్గరికి తప్పకుండా వస్తారు. తీసుకోవద్దు. శేషాచలం అడవుల చెట్టు అది, అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందంలో 1995 నుంచీ రక్షణ జాబితాలో ఉంది. బిల్లు, అటవీ శాఖ పత్రం లేని గుప్పెడు పొడి ఇంట్లో దొరికినా నీ వ్యాపారం అక్కడితో సరి. పేపర్లో రోజూ ఆ వార్తలు చదివే ఊళ్లో ఉన్నాను, నాకు గుండె దడ. రంగు కోసమైతే వేరేవి బోలెడు ఉన్నాయి. సువాసన కోసమైతే ఎర్రచందనానికి అసలు శ్రీగంధం వాసనే ఉండదు.

ఇప్పుడు బావంచాలు.

నువ్వు చదివింది నిజమే. ఆ గింజలో ముడతలు తగ్గించే బకూచియోల్ అనే పదార్థం ఉంది. 1966లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల వాళ్లు దాన్ని విడదీశారు. 2019లో బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో 44 మందికి పన్నెండు వారాలు వాడారు. కొందరికి అర శాతం బకూచియోల్ రోజుకు రెండుసార్లు, మిగతావాళ్లకు అర శాతం రెటినాల్ రోజుకొకసారి. ముడతలు, మచ్చలు రెండింటితోనూ తగ్గాయి, బకూచియోల్ వాడినవాళ్లకు పొట్టు, మంట తక్కువ. చిన్న పరీక్షే అయినా మంచి పరీక్ష. కానీ అమ్మణ్ణీ, వాళ్లు పూసింది శుద్ధి చేసిన బకూచియోల్. నువ్వు దంచబోయే గింజలో సోరాలెన్ కూడా ఉంది.

అదేంటో నాకు పుస్తకంలో తెలియలేదు. 1983 మే నెలలో మీ అమ్మ ముఖం మీద తెలిసింది.

అప్పుడు నాకు పంతొమ్మిది, మీ అమ్మకు పదిహేడు. ఎడమ చెంప మీద పావలా బిళ్లంత తెల్లటి మచ్చ వచ్చింది. సంబంధాలు చూస్తున్న రోజులు. మా అమ్మ బొల్లి అనుకొని దిగులుపడి అన్నం మానేసింది. నేను బీఎస్సీ రెండో ఏడు, కెమిస్ట్రీ చదువుతున్నా, ఇంట్లో నా అంత తెలిసినవాళ్లు లేరనుకునే వయసు. బొల్లికి బావంచాలు మందని నాయన మూలికల అంగట్లో ఎవరో అనగా విన్నాను. రెండు గుప్పెళ్లు తెచ్చి, కచ్చాపచ్చాగా దంచి, నువ్వుల నూనెలో వారం రోజులు నానబెట్టాను. ముందు నా మోచేతి మడతలో రాసి చూసుకున్నాను. రెండు రోజులైనా ఏమీ కాలేదు. ఆ ధైర్యంతో మీ అమ్మకు పూశాను. మచ్చ ఒక్కదానికే పూస్తే రంగు తేడా వస్తుందని ముఖమంతా పూశాను.

అది గంగమ్మ జాతర చివరి మంగళవారం. పొద్దున్నే పూసి, తల దువ్వి, పూలు పెట్టి పంపించాను. తాతయ్యగుంట గుడి దగ్గర పొంగలి పెట్టడానికి మీ అమ్మ, మా అమ్మ ఆ ఎండలో మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. రాత్రికి ముఖం కాస్త వేడిగా ఉందనింది. మర్నాడు కందిపోయింది. మూడో రోజు పొద్దున చూస్తే నుదురు, చెంపలు, ముక్కు మీద నీటి పొక్కులు. రెప్పలు వాచి కళ్లు తెరవలేకపోయింది.

మా అవ్వ చూసి దండం పెట్టింది. "జాతర రోజుల్లో వచ్చింది, అమ్మవారే. ఎవరూ మందు మాట ఎత్తొద్దు" అనింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు మానేశారు. వేపాకు, పసుపు నూరి ఆ పొక్కుల మీదే అద్దారు. నాకు తెలుసు. గూట్లో ఆ నూనె సీసా అట్లాగే ఉంది. చెబితే నాయన చదువు మాన్పిస్తాడని భయం. ఒకవేళ నిజంగా అమ్మవారేనేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు నోరు విప్పలేదు. ఆ రాత్రి పక్కన పడుకుంటే మీ అమ్మ చీకట్లో నా చేయి తడిమి పట్టుకొని, "అక్కా, నూనె సంగతి నేను ఎవరికీ చెప్పలేదులే" అనింది.

లేచి వెళ్లి నాయనను నిద్ర లేపాను. సీసా చేతికిచ్చాను. ఆయన మూత తీసి వాసన చూశాడు. ఒక్క మాట అనలేదు. తెల్లవారగానే అంగడి తెరవకుండా మా ఇద్దరినీ రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు చూసీ చూడగానే ఇది అమ్మవారు కాదు, కాలిన గాయమన్నాడు. సోరాలెన్ చర్మంలో చప్పుడు లేకుండా ఉంటుంది. కణాల్లోని డీఎన్ఏ పోగుల మధ్య దూరి, ఎండలోని అతినీలలోహిత ఏ కిరణం తగలగానే అక్కడే అతుక్కుపోతుంది. వైద్యులు కూడా దాన్ని బొల్లికి వాడతారు, కానీ మోతాదు కొలిచి, వెలుతురు కొలిచి వాడతారు. నా మోచేతి మడతలో ఏమీ కాకపోవడానికి కారణం అక్కడ ఎండ పడకపోవడమే. ఆ తెల్ల మచ్చ బొల్లి కూడా కాదు, శోభి. నెల రోజుల పూత మందుతో పోయింది.

నల్లమచ్చలు మాత్రం రెండేళ్లు పోలేదు. పెళ్లి ఆల్బంలో మీ అమ్మ అన్ని ఫోటోల్లోనూ కుడి చెంపే ఎందుకు చూపిస్తుందని చిన్నప్పుడు అడిగావు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను, గుర్తుందా? ఇదే జవాబు. మీ అమ్మ నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నిన్న ఫోన్లో ఆగిన ఆ క్షణం కూడా నన్ను ఏమీ అనలేదు.

అందుకని బకూచియోల్ కావాలంటే శుద్ధి చేసింది కొను. బ్యాచ్‌తో వచ్చే పరీక్ష పత్రంలో సోరాలెన్, దాని జాతిదే అయిన ఐసోసోరాలెన్ ఎంత ఉన్నాయో రాసి ఉండాలి. రాయని సరుకు వెనక్కి పంపు. తయారైన సీరాన్ని ఎండ కిరణాల కింద పరీక్షించే ల్యాబులు ఉన్నాయి, ఆ ఖర్చుకు వెనుకాడకు, నా పెన్షన్ ఉంది. నిమ్మతొక్క, నిమ్మరసం కూడా ముఖానికి వద్దు, వాటిలోనూ ఆ జాతి పదార్థాలే ఉన్నాయి. కడుపుతో ఉన్నవాళ్లకు బకూచియోల్ భద్రమని కొందరు రాస్తున్నారు. నువ్వు రాయకు, అంత పరీక్ష జరగలేదు.

నువ్వు ఏ సీరం చేసినా దాని పక్కన సన్‌స్క్రీన్ పెట్టు. చిన్నప్పుడు నా రవిక చేయి పైకి జరిపి ఆడుకునేదానివి కదా, ఈసారి వచ్చినప్పుడు మళ్లీ చూడు. రవిక అంచుకు పైన చర్మం ఇప్పటికీ నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. అంచుకు కింద మచ్చలు, సన్న గీతలు, కాగితంలా నలిగిన తోలు. ఒకే చేయి, ఒకే వయసు. మధ్యలో గుడ్డ ఒక్కటే తేడా. కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ వాళ్ల చేతులే చూసుకోమను.

సీసా మీద నీ ఫోన్ నంబరు వేయించు. మంట అని ఎవరు ఫోన్ చేసినా, రాత్రి పన్నెండైనా ఎత్తు. "మా సీరం వల్ల అయ్యుండదు" అనొద్దు. ఏమేం కలిపావో గుక్క తిప్పుకోకుండా చెప్పు, డాక్టరు దగ్గరికి వెళ్లమను, సీసా వెంట తీసుకెళ్లమను.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించు. నేను చెప్పానని ఆమెకు తెలియాలి. ఆ కిలో బావంచాలు దంచకుండా డబ్బాలోనే ఉంచు, రోలు దగ్గరికి తీసుకుపోవద్దు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వస్తాను. నీ ఫార్ములా కాగితాలు, పీహెచ్ మీటరు తీసి పెట్టు. పగలంతా కూర్చొని ఒక్కొక్కటీ తూచి చూద్దాం.

నీ
పెద్దమ్మ